మంగుకు రాసే క్రీములోని నానో రేణువులు రక్తంలోకి వెళ్తాయా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 46 ఏళ్ళు. నాలుగేళ్ళుగా రెండు బుగ్గల మీదా మంగు ఉంది. అమలాపురంలో చర్మవ్యాధుల డాక్టరు గారు ఎండలోకి వెళ్ళే ముందు పూసుకోమని ఒక సన్‌స్క్రీన్ రాసిచ్చారు. సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి ఆ పెట్టె మీద ‘జింక్ ఆక్సైడ్, నానో’ అని ఉండటం చూసి, ‘ఇవి చర్మంలోంచి నేరుగా రక్తంలోకి పోతాయట, మానెయ్యమ్మా’ అన్నాడు. మా ఆయన నవ్వి, ‘నేను చేలో కొట్టేదీ నానో యూరియానే. ఆకులోకి పోయేది ఒంట్లోకి పోదా? మరి నాకేమైంది?’ అన్నారు. ఆయన చేతులకు తొడుగులు వేసుకోరు. మందు కొట్టి వచ్చేసరికి చొక్కా వీపంతా తడిసి ఉంటుంది. మందుల షాపులో ఇచ్చిన ఇంకో ట్యూబు నేను రాత్రిపూట రాసుకుంటున్నాను. దానితో రంగు బాగానే తేలింది కాబట్టి పగలు రాసుకునేది మానేసినా పరవాలేదా? మా ఇంట్లో ఇద్దరిలో ఎవరి మాట నిజం?
– ఒక సోదరి, కోనసీమ

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి భయం అక్కరలేనిది. మీ వారి ధీమా అంతకంటే అక్కరలేనిది. ఆ సన్‌స్క్రీన్ మానవద్దు. నేను వైద్యుణ్ణి కాను, ముప్పై ఏళ్ళు కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. కాబట్టి మంగు సంగతి మీ డాక్టరు గారు చూసుకుంటారు, క్రీములో ఉన్న పదార్థాల సంగతి నేను చెబుతాను. మీ ఉత్తరం రెండోసారి చదువుతూ రెండు చోట్ల ఆగిపోయాను. ఆ రెండు చోట్లా నానో అన్న మాటే లేదు. అక్కడికి తరువాత వస్తాను, ముందు మీరు అడిగింది చూద్దాం.

మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క నానోమీటరు. తల వెంట్రుక మందం 80 వేల నుంచి లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. 100 నానోమీటర్ల లోపు ఉన్న రేణువును నానో రేణువు అంటారు. అంత చిన్నది కనుక జల్లెడలోంచి పిండి జారినట్లు చర్మంలోంచి జారిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కంతా ఆ జల్లెడ పోలికతోనే వచ్చింది.

చర్మాన్ని జల్లెడతో కాదు, పాత గూన పెంకుల ఇంటితో పోల్చాలి. వాన చినుకు పెంకు కంటే ఎంతో చిన్నది. పెంకుల మధ్య సందులూ ఉంటాయి. అయినా ఇల్లు కురవదు, ఎందుకంటే వరుస మీద వరుస, సందు మీద పెంకు వచ్చేలా నేశారు. మన చర్మం పైపొర నేత కూడా ఇదే. కెరటిన్‌తో గట్టిపడిన చచ్చిన కణాలు పలచని బిళ్ళల్లా 15 నుంచి 20 వరుసలు పేర్చి ఉంటాయి. వాటి సందుల్లో సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు మైనం పోసినట్లు నిండి ఉంటాయి. అన్నీ కలిపినా ఆ పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాను అంటే వెయ్యి నానోమీటర్లు), అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతుకు మించదు. అరచేతుల్లో, అరికాళ్ళలో మాత్రం బాగా మందం. కింద నుంచి కొత్త పెంకులు తయారై వస్తుంటే పైవి రాలిపోతుంటాయి. పండగనాడు నలుగు పెట్టి రుద్దితే మట్టి అనుకుని మనం వదిలించుకునేది చాలావరకు ఈ పాత పెంకులే. పై రెండు మూడు వరుసల్లో ఏ రేణువైనా ఇరుక్కుంటే అది కూడా వాటితో పాటే రాలిపోతుంది.

అయితే చర్మంలోంచి అసలేదీ లోపలికి పోదా? పోతుంది. అది నాకు పన్నెండేళ్ళప్పుడే అనుభవమైంది, దాని పేరు మాత్రం ఎంతో కాలానికి తెలిసింది. మా నాన్నగారు గోదావరి లంకలో పొగాకు వేసేవారు. పుష్యమాసంలో ఒకరోజు పొద్దున్నే, ఆకుల మీద మంచు ఇంకా ఆరకముందే, పిలకలు తీయడానికి నన్నూ వెంట తీసుకెళ్ళారు. కాసేపటికే చేతులకు నల్లని జిగురు పట్టింది, చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. గంటన్నర గడిచేసరికి కళ్ళు తిరిగాయి, నోట్లో నీళ్ళు ఊరాయి. కూలబడి పొద్దున తిన్న చద్దన్నమంతా కక్కాను. నావ దాటించి ఇంటికి తెచ్చాక నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి గట్టి దిష్టేనని తేల్చింది. అది దిష్టి కాదు, నికోటిన్. ఆకు మీది మంచునీటిలో కరిగి, నా చేతి చర్మం గుండా రక్తంలోకి వెళ్ళింది. పచ్చి పొగాకు జబ్బు అని వైద్యులు దానికి పేరు పెట్టారు. చుట్ట ముట్టని పిల్లవాడికీ వస్తుంది. పొగ మానదలచినవాళ్ళు భుజానికి అంటించుకునే నికోటిన్ పట్టీ పని చేసేదీ ఈ దారి మీదే.

ఇక్కడ గమనించవలసింది, నికోటిన్ నానో రేణువు కాదు. అది ఒక్కొక్క అణువుగా పోతుంది, దాని అణుభారం 162. చర్మం మీద రాస్తే పని చేసే మందులనూ, తగలగానే అలర్జీ తెచ్చే పదార్థాలనూ వరసపెట్టి చూసి 2000లో ఇద్దరు డచ్ పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. అణుభారం 500 దాటిన పదార్థానికి మామూలు చర్మం దాదాపుగా దారి ఇవ్వదు. 500 లోపు ఉన్నదల్లా పోతుందని కాదు. అది కొంత కొవ్వులోనూ కొంత నీటిలోనూ కరగాలి, అప్పుడే పెంకుల సందుల్లోని మైనాన్ని దాటి కింది తడి పొరలోకి దిగగలదు.

మరి మీ క్రీములో ఉన్న జింక్ ఆక్సైడ్ రేణువును తూచి చూద్దామా? 30 నానోమీటర్ల గుండ్రని రేణువు అనుకుని కాగితం మీద లెక్క కట్టాను. అందులో జింకు, ఆక్సిజన్ జతలు దాదాపు 6 లక్షలు వచ్చాయి. అణుభారం కొలతలో చెప్పాలంటే 4 కోట్ల 70 లక్షలకు పైన. 500 దగ్గర ఆపే గుమ్మంలోంచి దీన్ని పంపించడమంటే పొలం బోదెలో పంటు నడపాలని చూడటమే. అదీగాక ఈ రేణువులు క్రీములో విడివిడిగా తిరగవు, ముద్దలుగా అతుక్కుని ఉంటాయి. నిమ్మరసంలాంటి పుల్లని ద్రవంలో వేస్తే జింక్ ఆక్సైడ్ కరుగుతుంది. చెమటకు కూడా కొద్దిపాటి పులుపు ఉంటుంది కనుక అతి కొంచెం జింకు రేణువు నుంచి విడివడవచ్చు. అప్పుడది నానో కాదు, మనం తిండిలో తినే జింకే.

అసలు దీన్ని నానో చేయడం వెనుక కుట్ర ఏమీ లేదు, మొహం తెల్లగా కనపడకూడదనే. క్రికెట్ ఆటగాళ్ళు ముక్కు మీద సున్నం కొట్టినట్లు పూసుకునేవారే, అది ముతక జింక్ ఆక్సైడ్. రేణువు చిన్నదయ్యే కొద్దీ మామూలు వెలుతురును చెదరగొట్టడం తగ్గుతుంది, అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం మాత్రం ఉంటుంది. ఆటలమ్మకూ చెమటకాయలకూ మనవాళ్ళు పూసే గులాబీ రంగు కాలమైన్‌లో ఉన్నదీ జింక్ ఆక్సైడే. ఆ రంగు అందులో కలిపిన ఐరన్ ఆక్సైడ్‌ది. చంటిపిల్లల ఒంటికి అది పూసేటప్పుడు ఎవరూ భయపడరు.

లెక్కలు సరే, మనుషుల మీద చూశారా అని మీ అబ్బాయి అడుగుతాడు. చూశారు. ఒంట్లో ఎప్పుడూ రెండు మూడు గ్రాముల జింకు ఉంటుంది కనుక, రక్తంలో దొరికిన జింకు క్రీముదో అన్నానిదో తేల్చడం కష్టం. అందుకని ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. మందలో మన ఆవును గుర్తుపట్టడానికి కొమ్ములకు రంగు వేసినట్లు, జింకు-68 అనే ఐసోటోపు (జింకులోనే అణువు బరువు కాస్త వేరుగా ఉండే రకం) ఎక్కువగా ఉండేలా జింక్ ఆక్సైడ్ తయారు చేయించి సన్‌స్క్రీన్‌లో కలిపారు. 20 మంది దాన్ని రోజుకు రెండుసార్లు పూసుకుని 5 రోజులు సముద్రపు ఒడ్డున ఎండలో గడిపారు. 2010లో ఫలితాలు వెలువడ్డాయి. రంగు వేసిన జింకు రక్తంలోనూ మూత్రంలోనూ కనపడింది. ఎంత అంటే, రక్తంలో మామూలుగా ఉండే జింకులో వెయ్యో వంతు. అది రేణువుగా వెళ్ళిందా, కరిగి వెళ్ళిందా అన్నది ఆ ప్రయోగంలో తేలలేదు. తరువాత ఆస్ట్రేలియాలోనే మరో బృందం, చర్మాన్ని కోయకుండానే లోపలి పొరలను చూపించే సూక్ష్మదర్శినితో పరిశీలించింది. ఐదు రోజులు వరసగా పూసినా రేణువులు పైపొరలోనూ చర్మం మీది గీతల్లోనూ నిలిచిపోయాయి. కింద ఉన్న సజీవ కణాల పొరలోకి దిగలేదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు ఇచ్చే జింకు బిళ్ళలో 20 మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్ని నోట్లోనే వేస్తున్నాం.

పెట్టె మీద నానో అన్న మాట హెచ్చరిక కాదు. సౌందర్య సాధనాల్లో నానో పదార్థం ఉంటే పదార్థాల పట్టికలో ఆ మాట రాయాలని యూరప్‌లో 2013 జూలై నుంచి చట్టం ఉంది. జింక్ ఆక్సైడ్‌ను నానో రూపంలో నూటికి 25 పాళ్ళ దాకా కలపడానికి ఆ చట్టమే ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది పీల్చే వీలున్న స్ప్రేలకు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మీ అబ్బాయి ‘నానో లేనిది కొనుక్కో’ అని ఇంకో క్రీము తెచ్చిపెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. నానో లేని సన్‌స్క్రీన్లలో చాలావాటిలో ఆవోబెంజోన్, ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు ఉంటాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 24 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో అలాంటి నాలుగు రసాయనాలు మొదటి రోజే రక్తంలో కనపడ్డాయి. అదీ ఇంతకు మించితే ఇంకా పరీక్షలు చేయాలి అని ఆ సంస్థే పెట్టుకున్న గీతను దాటి. వాటి అణుభారాలు చూస్తే ఆశ్చర్యం ఉండదు: ఆక్సీబెంజోన్ 228, ఆవోబెంజోన్ 310. రక్తంలో కనపడినంత మాత్రాన హాని అని కాదు, సన్‌స్క్రీన్ మానవద్దని ఆ సంస్థే చెప్పింది. నేను చెప్పేదల్లా, రక్తంలోకి వెళ్ళడమే భయమైతే నానో మాట ఉన్న పెట్టె కంటే అది లేని పెట్టె గురించే ముందు అడగాలని.

మీ అబ్బాయి విన్నది పూర్తిగా గాలికబురు కూడా కాదు. ఇలాంటి పరీక్షలకు ప్రయోగశాలల్లో ఒక గాజు పరికరం వాడతారు, ఫ్రాంజ్ సెల్ అంటారు. పై గిన్నె, కింది గిన్నె, రెండింటి మధ్య బిగించిన చర్మపు ముక్క. శస్త్రచికిత్సలో తీసేసిన మనిషి చర్మమో, మన చర్మానికి దగ్గరగా ఉండే పంది చర్మమో వాడతారు. పైన మందు పోసి, కింది ద్రవంలోకి ఏమి దిగిందో గంటల తరబడి చూస్తారు. ఎలుక చర్మం బిగిస్తే ఫలితాలు వేరుగా వస్తాయి, దాని పైపొర మనకంటే బాగా పలచన. భయపెట్టే వార్తలు కొన్ని అక్కడి నుంచే వచ్చాయి. కానీ మనిషి చర్మం మీద చేసిన ఒక ప్రయోగం నాకు ముఖ్యమనిపిస్తుంది. ఇటలీలోని ట్రియెస్టె పరిశోధకులు 25 నానోమీటర్ల వెండి రేణువులను ఒకచోట బాగున్న చర్మం మీద, ఇంకోచోట గీరి గాయం చేసిన చర్మం మీద 24 గంటలు ఉంచారు. బాగున్న చర్మం కింద చదరపు సెంటీమీటరుకు 0.46 నానోగ్రాముల వెండి దొరికింది, గీరిన చర్మం కింద 2.32. రెండూ అత్యల్పమే. కానీ ఐదు రెట్ల తేడా ఉంది. పెంకులు కదిలిన చోట ఇల్లు కురుస్తుంది.

కాబట్టి మీ క్రీముకు జాగ్రత్తలు ఇంతవరకే. మొటిమ గిల్లిన చోట, దద్దురు గోకి చితికిన చోట, కనుబొమలు తీయించుకుని మండుతున్న రోజున అక్కడ రాయకండి, మానాక రాయండి. పొడిగానో స్ప్రేగానో వచ్చే సన్‌స్క్రీన్ కొనకండి. వెంట్రుక కుదుళ్ళ గుంటల్లో రేణువులు కొన్ని రోజులు నిలవ ఉంటాయి, నిజమే. కానీ ఆ గుంటకూ అడుగూ గోడా ఉన్నాయి, చివరికి చెమటతో, జిడ్డుతో బయటికే వస్తాయి. ఊడ్పులకు వెళ్తుంటే మాత్రం ఒక మాట. రోజంతా నీళ్ళలో నానిన కాళ్ళకు, వేళ్ళ సందుల్లో ఒరిసిపోయిన చర్మానికి ఈ కోటగోడ కబుర్లు వర్తించవు. నానిన పొర ఉబ్బి సడలుతుంది. మొహం సంగతి వేరు, కాళ్ళ సంగతి వేరు.

చర్మం కంటే ముక్కు గురించి ఆలోచించడం మంచిది. ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ ఒక మైక్రాను మందం కూడా ఉండదు, దాని మీద చచ్చిన కణాల పెంకులూ లేవు. ఆ గోడ విస్తీర్ణం చర్మం కంటే ముప్పై రెట్లకు పైనే. నానో రేణువులు అక్కడికి క్రీము నుంచి రావు. దోమల చక్రం పొగలోంచి, కట్టెల పొయ్యి దగ్గర నుంచి, కోతలయ్యాక చేలో గడ్డి తగలబెట్టిన పొగలోంచి వస్తాయి. వాటి మీద ఎవరూ నానో అని రాయరు.

ఇక మీ వారి వాదన. ఆకులోకి పోయేది ఒంట్లోకి పోదా అన్నారు. ప్రశ్న తెలివైనదే, కానీ ఆకుకు తలుపులున్నాయి. పత్రరంధ్రాలని బడిలో చదివే ఉంటారు, గాలి పీల్చడానికి ఆకు తనంతట తాను తెరిచి మూసే కన్నాలు. ఆకు మీద కొట్టిన నానో యూరియా లోపలికి వెళ్ళే దారుల్లో అదొకటి. మనకు అలాంటి తలుపులు లేవు, చెమట గ్రంథుల్లో ప్రవాహం బయటికే. పైగా యూరియా మన ఒంటికి కొత్తది కాదు. చెమటలో ఉంటుంది, చర్మం పైపొరలో తేమను పట్టి ఉంచే పదార్థాల్లో అదొకటి, మడమ పగుళ్ళకు పూసే క్రీముల్లో నూటికి 10, 20 పాళ్ళు కలుపుతారు. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన అర లీటరు సీసా నుంచి లీటరు నీటికి రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్లు కలిపి కొట్టే ద్రావణం చేతికి తగిలినంత మాత్రాన కొంప మునగదు, కడుక్కుంటే చాలు. అది చేనుకు ఎంత మేలు చేస్తుందన్నది వేరే తగువు, అందులోకి నన్ను లాగకండి. గాలికి ఎదురుగా నిలబడి ఆ తుంపరను పీల్చవద్దని మాత్రం చెప్పండి, ముక్కుకు గుడ్డ కాదు, మాస్కు పెట్టుకోమనండి.

కానీ ‘నాకేమైంది’ అన్న ఆ ధీమా ఒక్క నానో యూరియాతో ఆగదు, అందుకే చొక్కా తడిసి ఉంటుందన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. కూలి కలిసొస్తుందని యూరియాతో పాటు పురుగుమందూ ఒకే డబ్బాలో కలిపి కొట్టడం మన డెల్టాలో ఎంత మామూలో మీకు తెలుసు. వీపున మోసే పంపులో మూత దగ్గరో గొట్టం అతుకు దగ్గరో వాషరు పోతే కారేది మొదట వీపు మీదకే. అక్కడి నుంచి మొలదాకా జారుతుంది. వాటిలో చాలా పురుగుమందుల అణుభారాలు 200 నుంచి 400 మధ్యే, కొవ్వులో చక్కగా కరుగుతాయి. అంటే చర్మం దాటే అణువుకు ఏ గుణాలు కావాలో అన్నీ ఉన్నాయి. 1971లో అమెరికాలో పారాథియాన్ అనే పురుగుమందును మనుషుల ఒంటి మీద వేరువేరు చోట్ల అతి కొద్దిగా పూసి ఎంత లోపలికి పోయిందో కొలిచారు. ఆ మందు ఇప్పుడు మన దేశంలో నిషేధంలో ఉంది. మోచేతి కింద పూసింది 8.6 శాతం పోయింది. నుదుటి మీద 36, చంకలో 64. మొహమాటం పక్కన పెట్టి చెబుతున్నాను, వృషణాల చర్మం మీద పూసింది దాదాపు మొత్తం పోయింది. మీ వారి పంపు నుంచి కారే మందు ఎక్కడ చేరి ఆగుతుందో ఇప్పుడు ఆలోచించండి.

ముందు ఆ వాషరు మార్పించండి. కొట్టే ముందు డబ్బాలో వట్టి నీళ్ళు పోసి, భుజాన వేసుకుని పది నిమిషాలు నడిస్తే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. చేతులకు నూలు తొడుగులు వద్దు, అవి మందును పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి. రబ్బరువి, నైట్రైల్‌వి తెప్పించండి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదే అలవాటు ఉంటే ఈ రోజుతో మాన్పించండి. ఇంటికి రాగానే టీ కాదు, ముందు సబ్బుతో స్నానం. ఆ చొక్కా ఉతికేది మీరే అయి ఉంటారు. ఉత్త చేతులతో, ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకండి. విడిగా బకెట్టు, విడిగా నీళ్ళు పెట్టండి, చేతులకు తొడుగులు వేసుకోండి. ఏ రోజైనా మందు కొట్టాక విపరీతమైన చెమట, నోట్లోంచి చొల్లు, వాంతి, చూపు మసక, కండరాలు అదరడం కనపడితే ఎండదెబ్బ అని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టకండి. బట్టలు విప్పేసి సబ్బుతో కడిగి, 108కి ఫోను చేయండి. మందు సీసా వెంట తీసుకెళ్ళండి, దాని మీద ఉన్న పేరును బట్టే వైద్యం ఉంటుంది.

నేను ఆగిపోయిన రెండో చోటు మీ రాత్రి ట్యూబు. మీరు దాని గురించి అడగనే లేదు, రంగు తేలిందని సంతోషంగా రాశారు. మందుల షాపులో చీటీ లేకుండా మంగుకని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, దానితో పాటు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొరను త్వరగా రాల్చే ట్రెటినోయిన్ కూడా ఉండవచ్చు. డాక్టరు చూస్తూ కొన్ని వారాలు వాడితే అవి మందులే. అడిగేవాళ్ళు లేకుండా నెలల తరబడి రాస్తే మొహం మీద చర్మం పలచబడుతుంది, ఎర్రని సన్న నరాలు బయటపడతాయి, మొటిమలూ నూగు వెంట్రుకలూ వస్తాయి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. మానగానే మంగు మునుపటికంటే నల్లగా తిరిగొస్తుంది, దాంతో మళ్ళీ ట్యూబు కొంటారు. ఇలా పాడైన మొహాలను చూసి చూసి మన దేశపు చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక జబ్బు పేరే పెట్టుకున్నారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది, షాపులు వింటున్నాయా అన్నది మీ ట్యూబే చెప్పాలి. అణుభారాలు కావాలా? క్లోబెటసాల్ ప్రొపియొనేట్ అనే స్టెరాయిడ్ 467, హైడ్రోక్వినోన్ 110. రెండూ ఆ 500 గుమ్మం లోపలివే. మీ ఇంట్లో నిజంగా చర్మంలోంచి దిగుతున్న క్రీము ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

పెట్టె మీద ఏ పదార్థాల పేర్లూ లేకపోతే అది ఇంకా పెద్ద అనుమానం. తెల్లబరిచే క్రీముల్లో పాదరసపు లవణాలు కలిపిన సందర్భాలున్నాయి. కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చినవాళ్ళలో చాలామంది అలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళేనని అక్కడి వైద్యులు 2023లో బయటపెట్టారు.

అలాగని ఈ రాత్రే ఆ ట్యూబు విసిరేయకండి. స్టెరాయిడ్ అయితే ఒక్కసారిగా మానినప్పుడు మొహం ఎర్రబడి మండుతుంది, ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరు చెప్పాలి. పగలు రాసుకునే సన్‌స్క్రీన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. మంగుకు ఎండే పెద్ద శత్రువు, రాత్రి ట్యూబు పలచబరిచిన చర్మానికి అది ఇంకా అవసరం. ఈ వారంలోనే అమలాపురం వెళ్ళండి. రెండు పెట్టెలూ ఒకే సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెట్టండి. నానో అని రాసి ఉన్నదాన్ని ఆయన పక్కకు జరుపుతారు, కళ్ళజోడు సవరించుకుని చదివేది రెండోదాన్ని.